రోజూ పుట్టినరోజే

బ్యాంకు కుర్చీ మెత్తగా ఉంటుంది. కాదనడానికి లేదు. కానీ మూడోసారి వచ్చి కూర్చున్నవాళ్లకి ఆ మెత్తదనమే గుచ్చుకుంటుంది. దుల్మా చేతిలో చీటీ వంక చూసుకుంది, గోడ మీద నంబరు వంక చూసింది, తన మోకాళ్ల వంక చూసుకుంది. మూడింటిలో ఏదీ ఇప్పట్లో కదిలేలా లేదు.

ఉలాన్‌బాతర్ ఉత్తరపు పేటలో, సంత పక్కన, పాత ఇనప కంటైనర్లో ఆమె బూజ్ దుకాణం. ఆ బూజ్ పట్టేది కాదు, పెట్టేది. పిండిలో గొర్రె మాంసం కూరి, ఆవిరి మీద ఉడికించి, వేడివేడిగా పెట్టేది. పన్నెండేళ్లుగా పెడుతోంది. కంటైనర్ మాత్రం దాష్ ముసలాయనది. ఈ చలికాలం ఆయనకి నగరం పొగ మీద విరక్తి పుట్టి, కంటైనర్ అమ్మేసి వెళ్లిపోతానన్నాడు. "తెల్ల నెల పండగలోపు రెండు కోట్ల తుగ్రిక్‌లు తెచ్చావా, నీది. తేలేదా, ఫోన్లు బాగుచేసే గోంబోది" అనేశాడు. వాళ్ల కొత్త సంవత్సరం పండగ అది, వచ్చే నెలే. ఇన్నాళ్లూ వడ్డించిన చేత్తో ఇక వడ్డీ కట్టుకుందామని దుల్మా బ్యాంకు మెట్లెక్కింది.

"రండక్కా" అని పిలిచాడు తెమూలెన్, అప్పులు చూసే కుర్రాడు. ఆమె ఖాతా కాగితాలు బల్ల మీద పరిచాడు.

"అక్కా, మీకు ఏడాదికి ఎన్ని పుట్టినరోజులు?"

"అందరికీ ఎన్నో నాకూ అన్నే."

"మొన్న మంగళవారం ముప్పై మంది పుట్టినరోజు కానుక పంపారు. బుధవారం వచ్చినవాళ్లంతా మీకు అప్పు తీర్చారు. ఇదిగో, ఈయన 'ప్రేమతో' అన్నాడు."

"వాడు బొగ్గు లారీ వాడులే. రోజూ అంటాడు."

సంతలో ఎవరూ నోట్లు తీయరు. గోడ మీద రాసి ఉన్న ఖాతా నంబరుకి ఫోన్లోంచి పంపేస్తారు. పంపేటప్పుడు, దేనికని ఒక ముక్క రాయాలి. అమ్మకం అని రాస్తే పన్నులవాళ్లు వచ్చి పడతారని సంతంతా ఒకటే భయం. అందుకని దుల్మా కూడా అందరిలాగే గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది: ఏదైనా రాయండి, బూజ్ అని మాత్రం రాయకండి. జనానికి అంతకన్నా ఏం కావాలి? ఆకలి తీరిన సంతోషంలో ఎవరి నోటికి వచ్చింది వాళ్లు రాశారు.

"నేను నమ్ముతానక్కా, కాగితం నమ్మదు. దీని ప్రకారం మీరు ఇంతవరకూ ఒక్క బూజ్ కూడా అమ్మలేదు."

ఖాతా ఉండీ ఖాతరు లేకపోవడమంటే ఇదే. దుల్మా కాగితాల మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ తెమూలెన్ అని ఉందే. 'అమ్మ మందులకి' అట. మీ అమ్మకి నా కొట్లో మందులేంటి తమ్ముడూ?"

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "తొందరలో ఏదో రాశానక్కా."

"తిన్నావా, లేదా?"

"తిన్నాను."

"మరి నువ్వే సాక్షివి కదయ్యా!"

"సాక్ష్యం రాయడానికి ఇందులో గడి లేదక్కా. ఒక ఆర్నెల్లు నిజం రాయించండి. మీ కాగితాలు నేనే పైకి తీసుకెళ్తా."

"పండగ ఆర్నెల్లు ఆగుతుందా?"

కుర్రాడు కాగితాలు సర్ది ఆమె చేతికిచ్చాడు. తర్వాతి నంబరు పిలిచాడు.

దుకాణానికి వచ్చి కోటైనా విప్పకుండా దుల్మా గోడ మీద రాతని గీకేసింది. బూజ్ తింటే బూజ్ అనే రాయండి, అని కొత్తగా రాసింది. బొగ్గు లారీ వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కోయ్, పన్నంటే భయం లేదా?"

"ఉన్న పన్నులే ఊడిపోతున్నాయిరా, కొత్త పన్నుకేం భయపడను? రాయి."

పండగ ముందు వారం దాష్ వచ్చాడు. దుల్మా చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"గోంబోకి ఇచ్చేశావా బాబాయ్?"

"వాడికి బ్యాంకోళ్లు అప్పివ్వలేదే. వాడి ఖాతా నిండా పుట్టినరోజులేనంట! చెప్పులాయన్ని అడిగాను, టోపీలామెని అడిగాను, అదే గోల. సంతంతా రోజూ పుడుతోంది, ఎవడి దగ్గరా రొక్కం లేదు." ముసలాయన బల్ల మీద కూలబడ్డాడు. "ఎండాకాలం అయ్యేదాకా అద్దె కట్టుకో. అప్పటికి బ్యాంకు నిన్ను నమ్మితే నువ్వే కొనుక్కుందువుగాని. ముందు ఒక ప్లేటు పెట్టు."

సంతోషపడాలని దుల్మాకి తెలుసు. సంతోషానికి కూడా కాస్త ఓపిక కావాలి. పిండి మూట మీద కాసేపు కూర్చుని, లేచి పెట్టింది.

తిని, మూతి తుడుచుకుని, దాష్ డబ్బు పంపాడు. దుల్మా ఫోన్ మోగింది. చూసింది: పుట్టినరోజు శుభాకాంక్షలు.

ఆ డబ్బు వెనక్కి పంపేసింది.

"మళ్లీ పంపు బాబాయ్."

"ఎలా పంపినా డబ్బు డబ్బేగదే!"

"బూజ్ అని రాయి."

ముసలాయన గొణుక్కుంటూ కళ్లజోడు కోసం జేబులు వెతుక్కున్నాడు. వెనక వరస గుమ్మం దాటి మంచులోకి పెరిగింది. దుల్మా నడుం మీద చెయ్యేసుకుని, ఆయన ఒక్కో అక్షరం నొక్కేదాకా అక్కడే నిలబడింది.