మొగ తెగేదాకా

తెల్లారేసరికి ఏరంతా చచ్చిన చేపలు. ఒడ్డు పొడవునా కంపు. పీతలు పట్టి బతికే పీతలక్క మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఒక్క పీతైనా బతికుందేమోనని వెతికింది. లేదు. బయటికొచ్చేసరికి కాళ్ళ నిండా దద్దుర్లు.

"ఎండ దెబ్బకి చచ్చాయిలే," అన్నాడు రొయ్యల చెరువుల కాంట్రాక్టరు మనిషి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"ఎండా? నీ మొహం! ఈ నీళ్ళు ఓ గుక్క తాగి చెప్పు!"

ఏరు సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా కాంట్రాక్టరు తన లారీల కోసం కట్ట పోశాడు. సముద్రపు నీరు లోపలికి రాదు, అతని రొయ్యల చెరువుల మురికి బయటికి పోదు. ఆ కుళ్ళుకి పీతలక్క మనవరాలికి ఒళ్ళంతా పుళ్ళు. ముట్టుకుంటే చాలు, ఏడుపు.

వలల షెడ్డులో జనం గొంతులు చించుకున్నారు.

"ఇంకోసారి ఆఫీసుకెళ్ళి అడుగుదాం," అన్నాడు పడవల మేస్త్రి.

"అడిగి అడిగి చెప్పులరిగాయి మావా! నువ్వెళ్ళి దండాలు పెట్టుకో. మేం తవ్వుతాం," అంది పీతలక్క.

మేస్త్రి గొణిగాడు, సణిగాడు. చివరికి పార కోసం అందరికన్నా ముందు లేచింది అతనే.

సముద్రం తగ్గే పాటు వేళకి కట్ట మీద పడ్డారు. పార లేనివాళ్ళు చేతులతోనే తవ్వారు. బెత్తెడు కాలవ తెగితే చాలు, మిగతాది నిండిన ఏరే కోసుకుపోతుంది. కానీ పోటు తిరిగొచ్చేలోపు తెగాలి. ఆ సంగతి కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులకీ తెలుసు. అడ్డుపడి కాలం గడిపితే వాళ్ళ పని అయిపోయినట్టే.

కాలవ పూడ్చడానికి కాంట్రాక్టరు మనుషులు పొక్లెయిన్ తెచ్చారు. దాన్ని నడిపేది పీతలక్క సొంత తమ్ముడు.

"అక్కా, పైకి రావే. నా ఉద్యోగం ఊడుద్ది!"

"పూడ్చరా! నన్నూ కలిపి పూడ్చు! ఆ పసిదాని ఏడుపు నీ చెవిన పడలేదట్రా?"

మొదటి బొచ్చెడు మట్టికి ఆమె నడుం దాకా కూరుకుపోయింది. రెండోది ఎత్తలేకపోయాడు తమ్ముడు. ఇంజను ఆపి దూకి, రెండు చేతులతో అక్క చుట్టూ మట్టి తోడాడు. లాఠీలు అతని వీపు మీదే విరిగాయి. ఒకరిని ఈడ్చేస్తే ఇంకొకరు కాలవలోకి దిగారు.

జానెడు మిగిలుండగా పోటు తిరిగింది. అల వెంట అల ఇసుక మోసుకొచ్చి కాలవ నింపేసింది. పీతలక్క నేలకేసి చేతులు కొట్టుకుని ఏడ్చింది.

"అయిపోయిందిగా, ఇళ్ళకి పొండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమెని వ్యానెక్కించారు. కమ్మీలు పట్టుకుని అరిచింది: "కదలొద్దర్రా! పాటు మళ్ళీ వస్తది!"

ఒక్కరూ కదల్లేదు. పారలు లాక్కుపోయినా, పుళ్ళుపడ్డ చేతులు ఒళ్ళో పెట్టుకుని కట్ట మీదే చతికిలబడ్డారు. రక్తమోడుతున్న వీపుతో తమ్ముడు మేస్త్రి పక్కన చోటు చేసుకున్నాడు. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు, అది తగ్గడం కోసం.