రాహుకాలంలో ఫోను

ఫోన్ల మెకానిక్ వీరాంజనేయులు చివరి స్క్రూ బిగించేసరికి పదీ ముప్పై రెండయింది. ఆ రెండు నిమిషాలకే ప్రేమ్‌చంద్ తల అడ్డంగా ఊపాడు.

"శుక్రవారం బాబాయ్. రాహుకాలం వచ్చేసింది. పన్నెండు దాటాక టెంకాయ కొట్టి వేద్దాం. అందాకా స్విచ్ ముట్టుకోకు."

గుంటూరు బైపాస్ పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీ అది. ప్రేమ్‌చంద్ దాని యజమాని. ఆఫీసులో ఇంటర్‌కం పెట్టె పాతదే. దానికి కొత్తగా తగిలించినవి ఫోన్లెత్తే ధనశ్రీకి హెడ్‌సెట్టు, వసారాలో పెద్ద గంట, మూడు చలిగదుల్లో అంతస్తుకొకటి చొప్పున పన్నెండు గోడ ఫోన్లు. కరెంటు పోయినా ఇవన్నీ పలకడానికి యూపీఎస్, రెండు బ్యాటరీలు. ఆ గదుల మందపాటి గోడల్లో సెల్‌ఫోను చచ్చిన చేప. లోపలున్నవాడు బయటికి ఒక మాట చెప్పాలంటే గోడ ఫోనే దిక్కు.

"పెట్టె ప్లగ్గు పీకి యూపీఎస్‌కి మార్చానండీ. అది వెయ్యకపోతే ఒక్క ఫోనూ పలకదు. అందాకా పాత సాకెట్లోనే పెట్టనా?"

"మళ్లీ పీకడం, మళ్లీ పెట్టడం ఎందుకు? గంటన్నరేగా. టీ తాగు."

వీరాంజనేయులు టీ తాగలేదు. కూర్చోనూ లేదు. బ్యాటరీ వైర్లు లాగి చూశాడు. బిగువుగానే ఉన్నాయి. మళ్లీ లాగి చూశాడు.

మూడేళ్ల కిందట, కనిగిరిలో, ఇలాంటి శుక్రవారమే అతని భార్య మల్లేశ్వరికి గుండెలో నొప్పి వచ్చింది. ఆటో గుమ్మంలో ఉంది. రాహుకాలం దాటనివ్వరా అంది అక్క వెంకటరావమ్మ. అతను దాటనిచ్చాడు. పన్నెండూ అయిదుకి ఆటో ఎక్కించేటప్పటికి మల్లేశ్వరి కాళ్లు చల్లబడ్డాయి. ఆనాటి నుంచి అక్కతో మాటల్లేవు. ఆవిడ చెప్పింది, విన్నది మాత్రం తనే. ఆ సంగతి అక్కను తిట్టినంత మాత్రాన పోలేదు.

పదకొండుంపావుకి కరెంటు పోయింది. వెనక యంత్రాల హోరు ఆగింది. జనరేటర్‌లో డీజిల్ లేదు, మనిషి తేవడానికి బంకుకి పోయాడు.

మరో పావుగంటకి ఖుర్షిదా ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. వసారాలో రాలిన కాయలు ఊడ్చే మనిషి. చేతిలో చీపురు అలాగే ఉంది.

"మా ఆయన ఇంకా బయటికి రాలేదండీ. మిర్చి టిక్కీలు చూసొస్తానని పదిన్నరకెళ్లాడు. జుమ్మా నమాజుకి పోవాలి, ఈపాటికి స్నానం చేసి ఉండాలి."

మాబు ఆమె భర్త, అక్కడి మేస్త్రీ. బస్తాలు మోసే ముఠా మొత్తం అతని చేతి కిందే.

"మాబుకేం, టార్చి ఉంది," అన్నాడు ప్రేమ్‌చంద్. "మెల్లగా దిగొస్తాడు."

"ఏ గదిలోకెళ్లాడమ్మా?" అడిగాడు వీరాంజనేయులు.

"చెప్పలేదు బాబాయ్."

వీరాంజనేయులు బయటికి పోయి మూడు తలుపులూ ఒక్కొక్కటే లాగి కేకేశాడు. లోపల చీకటి, చలి, మిరపఘాటు. దగ్గు తప్ప బదులు రాలేదు, ఆ దగ్గు తనదే. ఒక్కో గదికి నాలుగంతస్తులు, అంతస్తుకి మూడు వేల టిక్కీలు, ఒక్కోటీ నిండు మిర్చి బస్తా. ఎక్కడని వెతకడం? ముఠావాళ్లను పిలిచి టార్చీలతో లోపలికి తోలి, తను ఆఫీసుకొచ్చాడు. తిన్నగా యూపీఎస్ దగ్గరికి పోయాడు.

"ఏవయ్యా! చెప్పానా?" ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచాడు. "లక్ష రూపాయల పని. పాడుగడియలో మొదలెడితే ఏడాదంతా..."

"మీ ఏడాది సంగతి నాకు తెలీదు. ఆ మనిషికి గంటయినా ఉందో లేదో."

"చెయ్యి తియ్యి."

"తియ్యను. కావాలంటే నన్ను గెంటండి. ఈలోపు వేసేస్తా."

వేశాడు. యూపీఎస్ కీచుమంది. ధనశ్రీ ముందున్న ఇంటర్‌కం పెట్టెమీద, ఫోనుకొకటి చొప్పున ఉన్న దీపాలు వరసగా వెలిగి ఆరాయి. ఒక్కటి మాత్రం ఆరలేదు, మిణుకుమిణుకుమంటూ ఉంది.

"మూడో గది, రెండో అంతస్తు!" ధనశ్రీ హెడ్‌సెట్టు తగిలించుకుని వంగింది. "మాబు గారూ... ఆ, ధనశ్రీని. గట్టిగా చెప్పండి... కాలిమీద టిక్కీలు పడ్డాయంటున్నారండీ. పళ్లు కొట్టుకుంటున్నాయి, మాట సరిగా రావట్లేదు."

ఖుర్షిదా చీపురు పారేసి పరిగెత్తింది. వీరాంజనేయులు వసారాలోకి పోయి గదుల వైపు కేకేశాడు, "ఒరేయ్, మూడో గది! రెండో అంతస్తు! మిగతావి వదిలెయ్యండి!"

పన్నెండుకి పది నిమిషాలుండగా మాబును కిందికి దించారు. ఎడమకాలు వంకరపోయింది. పెదాలు నల్లబడ్డాయి. చీకట్లో పాక్కుంటూ గోడ దాకా వచ్చి, ఫోను అందుకుని, అది పలకకపోయినా వదలకుండా చెవికి పెట్టుకుని ఉన్నాడట. "ఎప్పటికైనా పలుకుద్దని," అన్నాడు. ప్రేమ్‌చంద్ తన కారే ఇచ్చాడు. ఖుర్షిదా ఎక్కింది. ఎవరివైపూ చూడలేదు.

పన్నెండూ అయిదయింది. ప్రేమ్‌చంద్ టెంకాయతో లోపలికి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు, బొట్టు పెట్టుకున్నాడు.

"ఒక్కసారి ఆపి, మళ్లీ వెయ్యి బాబాయ్. శాస్త్రానికి. ఇందాకటిది లెక్కలోకి రాదు."

"నేనాపను."

"ఒక్క నిమిషమేగా!"

"మీదేగా ఆఫీసు. మీరే ఆపుకోండి."

ప్రేమ్‌చంద్ స్విచ్ మీద చెయ్యి పెట్టాడు. ధనశ్రీ ముందు పెట్టెమీద దీపం మిణుకుమంది.

"సార్, ఉండండి. మూడో గదిలోంచి ముఠావాళ్లు. పడ్డ టిక్కీలు సర్దుతున్నారట, ఎనిమిదిమంది ఉన్నారు. ఇంకో టార్చి పంపమంటున్నారు."

చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. వీరాంజనేయులు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ప్రేమ్‌చంద్ చెయ్యి తీశాడు. గుమ్మం మెట్టుమీద టెంకాయ కొట్టి, ఒక చిప్ప తెచ్చి అతని ముందు పెట్టాడు.

"తీసుకో బాబాయ్. తప్పయిపోయింది."

"నాకొద్దు," అన్నాడు వీరాంజనేయులు, పనిముట్లు సంచిలో వేసుకుంటూ. "ఆస్పత్రికి పట్టుకెళ్లండి. ఖుర్షిదా తీసుకుంటుందేమో అడగండి."