తెల్లబండి ఇంజను

"ఆ గుడ్డతో కాదు. దాంతో గిన్నెలు తుడుచుకో. రాణికి మెత్తది వేరే ఉంది."

షెడ్డు మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటూ మొగుడన్న మాట. తలెత్తి చూడను కూడా చూడలేదు. ఆమె గుడ్డ మార్చింది. పెళ్ళయ్యాక నేర్చుకున్న విద్యల్లో ఇదొకటి, ఏ కారుకి ఏ గుడ్డ అనేది. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురు, కార్లు నాలుగు. మనుషుల్ని పేరుపెట్టి పిలిచే అలవాటు అక్కడ లేదు గానీ కార్లకి మాత్రం ముద్దుపేర్లున్నాయి. రెండే సీట్లున్న పాత ఎర్ర రేసుకారు రాణి. గుట్టలెక్కే ఆకుపచ్చ జీపు పెద్దన్న. ఆయన ఆఫీసుకి వెళ్ళే బూడిదరంగు కారు దొరగారు. పెళ్ళికి ముందు ఆమె తన సొంత జీతంతో కొనుక్కున్న చిన్న తెల్లకారు గాడిద. "రోజూ బరువులు మోసేది అదేగా!" అని ఎవరొచ్చినా నవ్వుతాడు. వచ్చినవాళ్ళూ నవ్వుతారు. వాళ్ళకి టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వాలి. నవ్వకపోతే "సరదా తెలీని మనిషి" అంటాడు రాత్రికి.

కార్ల పిచ్చి ఆయనది, ఆ పిచ్చికి చాకిరీ ఆమెది. రాణి వారానికోసారి గర్రుమనకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది, కాబట్టి తాళం తిప్పి పావుగంట దాని పొగ పీల్చాలి. పెద్దన్న ఆదివారం బురదలో పొర్లాడి వస్తే సోమవారం పైపు పెట్టి కడగాలి. షెడ్డు ఇరుకు. ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన కార్లలో ఏది బయటికి రావాలన్నా మిగతావి వీధిలోకి తీసి మళ్ళీ లోపల సర్దాలి. పొద్దున్నే పొయ్యి మీద ఒకటి పెట్టి, పరుగున వచ్చి ఒక కారు తీసి, మళ్ళీ పరుగున వెళ్ళి పొయ్యి మీదది కలిపి, మళ్ళీ వచ్చి ఇంకో కారు తీసి. ఇంత చేసినా రాణిని మాత్రం వీధి మొగ దాకా నడపనివ్వడు. "ఆడవాళ్ళ కాలు పడితే క్లచ్చు నాలుగు రోజులుండదు" అంటాడు. అత్తగారైతే ఇంకో అడుగు ముందుకేసి, "వాడికేమన్నా తాగుడా, తిరుగుడా? కార్లే కదమ్మాయ్. నీ అదృష్టం నీకే తెలీటం లేదు" అంటుంది. తాగని మొగుడు దొరికితే ఆడది జన్మంతా దణ్ణం పెడుతూ కూర్చోవాలని ఏ మహానుభావుడు రాశాడో గానీ, వాడికి మాత్రం కారు తుడిచిన అనుభవం ఉండి ఉండదు.

ఆమె పని వేరే ఉంది. పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి నడక నేర్పుతుంది. అందరూ డాక్టరమ్మ అంటారు. ఈ కొస నుంచి ఆ కొసకి విసిరేసినట్టుండే ఇళ్ళు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఆ తెల్లకారులో గడిచే కాసేపే ఆమెకి సొంతమైన కాలం. అందులో ఆమె ఏడ్చింది, దాచకుండా చెప్పాలంటే చాలాసార్లు. గట్టిగా పాడింది కూడా. రాగం తప్పినా అడిగేవాడు లేడు. ఒకసారి చెట్టు కింద ఆపుకుని అద్దాలెత్తేసి, మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లన్నీ అయిపోయాక పెదాలు తుడుచుకుని, ఇంటికొచ్చి పెద్దన్నని కడిగింది. ఇంట్లో ఆమెకంటూ గది లేదు. పడగ్గది ఆయనది, వంటిల్లు అత్తగారి చూపుల కింద ఉంటుంది, ముందుగది వచ్చేపోయేవాళ్ళది. తలుపు వేసుకుంటే ఎవరూ "లోపలేం చేస్తున్నావ్?" అనని చోటు ఆ తెల్లబండి ఒక్కటే.

ఆ బండి ఇంజను పీకేశారు.

మొన్న ఆదివారం జరిగిందది. రాణి ఇంజను పట్టేసిందని, మొగుడూ, ఆయన స్నేహితుడూ షెడ్డు తలుపు సగం దించుకుని పొద్దుట్నుంచీ లోపలే ఉన్నారు. ఆ స్నేహితుణ్ణి అందరూ బోల్టు అంటారు. చేతిలో పానా లేకపోతే చొక్కా లేనట్టు ఇబ్బందిపడే మనిషి. ఆమె రెండుసార్లు టీ పట్టుకెళ్ళింది. తలుపు కింద నుంచి చెయ్యి చాపి, "వదినా, టీ అదిరిపోయింది! నీ చేతికి బంగారు కడియం చేయించాలి" అన్నాడు బోల్టు. గొలుసుకి ఏదో వేలాడుతున్న చప్పుడు వినబడింది. రాణి ఇంజనే అనుకుంది. మర్నాడు సంచి వెనక సీట్లో పడేసి తెల్లబండి తాళం తిప్పితే పలకలేదు. మళ్ళీ తిప్పింది. బండి ముందు భాగం ఎందుకో పైకి లేచి, మెడెత్తి చూస్తున్నట్టుంది. దిగి బానెట్ ఎత్తింది. లోపల షెడ్డు నేల కనిపించింది. నేల మీద నూనె మరక, వైర్ల కొసలకి చుట్టిన నల్లటేపు, అంతే. తన బండి ఇంజను ఊడదీస్తున్నవాళ్ళకి తన చేత్తోనే టీ ఇచ్చానన్న సంగతి ఆమె బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది.

"రెండిటిదీ ఒకే జాతి ఇంజను" అన్నాడు మొగుడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "రాణికి రక్తం ఎక్కించామనుకో. మన కార్ల మీద వీడియో తీసేవాళ్ళు వస్తున్నారు కదా, రాణి చచ్చి పడుంటే ఎట్లా? తర్వాత దీనికి ఇంకోటి చూద్దాం."

"నన్నొక మాట అడగొచ్చుగా."

"అడిగితే ఇస్తావుగా? మరి అడగటం దేనికి?"

వెనక నుంచి అత్తగారు, "మొగుడూ పెళ్ళాల మధ్య నీది నాది ఏంటమ్మాయ్!" అంది. ఆమెకి అప్పుడో ప్రశ్న నోటి చివరిదాకా వచ్చింది. అలాంటప్పుడు రాణి ఇంజను తీసి గాడిదకి ఎందుకు పెట్టరత్తయ్యా అని. మింగేసింది. మింగీ మింగీ ఆమె గొంతు ఎంత వెడల్పయిందో దేవుడికే తెలియాలి.

నిన్న బస్సులు పట్టుకుని తిరిగితే సగం ఇళ్ళు కూడా కాలేదు. ఊరవతలుండే పెద్దాయన, ఒకప్పటి లారీ డ్రైవరు, రెండు రోజులుగా ఎదురుచూసి ఫోన్ చేశాడు. "డాక్టరమ్మా, నువ్వు రాలేదని నా కాలు అలిగింది. నేను బతిమాలితే వినదది" అన్నాడు, సగం వంకరపోయిన నోటితో. నవ్వించాలనే అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఆ వెంటనే, ఆమెని ఇళ్ళకి పంపే క్లినిక్ మేడమ్ ఫోను. "రేపు కూడా పోకపోతే పెద్దాయన్నే కాదు, నీ ఇళ్ళన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. ఇంట్లో నాలుగు కార్లు పెట్టుకుని బండి లేదంటావేంటి? ఎవరైనా వింటే నవ్వుతారు."

నిజమే, నవ్వుతారు. నాలుగు కార్లున్న ఇంటి కోడలు బండి లేక పని పోగొట్టుకుందంటే నమ్మేదెవరు? ఈ పొద్దున దొరగారినైనా ఇమ్మని మొగుణ్ణి అడిగింది. "ఇవాళా? వీడియోకి నాలుగూ ఉండాలి. నువ్వూ ఉండాలి. కుర్రజంట, కార్ల సేకరణ, అదీ కథ. నువ్వు లేకపోతే కథేముంది?" అన్నాడు. తను లేకపోతే కథ లేదని ఆయన నోటి వెంట రావడం అదే మొదలు.

వీడియో ఆయన వచ్చాడు. మెళ్ళో కెమెరా, మాటకి ముందో సూపరు, వెనకో సూపరు. తెల్లదాన్ని తోసుకొచ్చి, నాలుగు కార్లనీ ఇంటి ముందు వీధిలో వరసగా నిలబెట్టారు. ఆ వీధి పల్లం. ఇంటి ముందు నుంచి జారుతూ వెళ్ళి, ఒక రాతిగోడ దగ్గర మలుపు తిరిగి, పెద్దరోడ్డులో కలుస్తుంది. మొగుడు రాణి మీద చెయ్యేసి చెప్పుకుపోతున్నాడు. "మా ఇద్దరిదీ ఒకటే ప్రాణమండీ, కార్లు. నాకు పాతవి, సరదావి ఇష్టం. మా బంగారానికి రోజువారీ బండి ఇష్టం."

బంగారం ఎవరా అని ఆమె ఒక్క క్షణం వెనక్కి చూసింది.

"మేడమ్, మీరు చెప్పండి, మీకు ఈ నాలుగింట్లో..."

"తనకి తెల్లదే" అన్నాడు మొగుడు. "ఎంత చెప్పినా మార్చనివ్వదు."

"సూపర్! అయితే ఆఖరికి ఒక్క షాటండీ. సారు ఎర్రదాంట్లో, మేడమ్ తెల్లదాంట్లో, పక్కపక్కనే అలా వెళ్ళిపోతుంటే, నేను ముందు నుంచి తీస్తా."

మొగుడూ బోల్టూ మొహాలు చూసుకున్నారు. బోల్టు తల గోక్కున్నాడు. "తెల్లదానికి కొంచెం పనుంది. నాలుగడుగులేగా? వెనక నుంచి నేను తోస్తా. వంగుంటే కెమెరాకి కనపడను."

"ఎక్కు" అన్నాడు మొగుడు. "స్టీరింగు పట్టుకుని నవ్వు. అంతకంటే ఏం అక్కర్లేదు."

"నాకు పెద్దాయన దగ్గరికి టైమవుతోంది."

"అబ్బా, రెండు నిమిషాలు! ఒక ముసలాడు రెండు నిమిషాలాగితే చస్తాడా?"

ఎక్కింది. భుజానున్న పని సంచి వెనక సీట్లో పడేసింది. ఇన్నాళ్ళూ ఎక్కమంటే ఎక్కింది, దిగమంటే దిగింది, కాళ్ళకి అదే అలవాటు. తాళం తిప్పి స్టీరింగు వదులు చేసి, చేతిబ్రేకు దించింది. పక్కన రాణి గర్రుమంది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు, తన బండి ఇంజనుదే. ఎన్ని పొద్దులు ఆ చప్పుడు మీద చెయ్యేసుకుని బయల్దేరిందని! ఇప్పుడది పక్కవాడి గొంతులోంచి వస్తోంది. "నవ్వండి మేడమ్!" అన్నాడు వీడియో ఆయన. బోల్టు వెనక నుంచి హుమ్మని తోశాడు. ఆమె నవ్వింది. చచ్చిన బండిలో కూర్చుని, వెనక మనిషి తోస్తుంటే, కెమెరా వైపు చూసి పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆ క్షణాన ఆమెకి తన కాపురం మొత్తం ఒక్క చూపులో కనబడింది.

నాలుగడుగులయ్యాక బోల్టు ఆగాడు. బండి ఆగలేదు.

పల్లం కదా. కెమెరా పట్టుకున్నాయన పక్కకి గెంతాడు. వెనక నుంచి "బ్రేకు! బ్రేకు!" అని మొగుడి కేక. ఆమె తొక్కింది. ఇంజను లేని బండికి బ్రేకు రాయిలా ఉంటుంది, ఒంటి బలమంతా పెడితే గానీ దిగదు. ఆమె ఒంటి బలమంతా పెట్టలేదు. కాలు తీసేసింది. చప్పుడు లేకుండా జారుతోంది బండి. గాలి, టైర్ల కింద చిన్న రాళ్ళ చిటపట తప్ప ఏమీ లేదు. అద్దాలెత్తి ఉన్నాయి. చాలా రోజులకి ఆమె తన గదిలో ఉంది. ఎదురుగా రాతిగోడ పెద్దదవుతోంది. తిప్పకపోతే ఏమవుతుంది అనుకుంది. ఏమీ అవదు. రేపు గుడ్డ మార్చే పనుండదు, మెత్తదా గరుకుదా అని వెతికే పనుండదు. చేతులు స్టీరింగు మీద ఊరికే ఉన్నాయి. గోడ మీద ఎవరో సుద్దతో గీసిన గీతలు కూడా కనబడేంత దగ్గరికొచ్చేసింది. అప్పుడు ఆమె చెవిలో రేపటి మాట వినబడింది. "ఆడవాళ్ళ డ్రైవింగు అంతే" అంటాడు మొగుడు, వచ్చినవాళ్ళకి. వచ్చినవాళ్ళు తలలూపుతారు. చావుకి ఆమె సిద్ధమే గానీ, చచ్చాక ఆ మాట పడటానికి మాత్రం సిద్ధంగా లేదు. రెండు చేతులా స్టీరింగు లాగింది. మొండికేసి, మొండికేసి, తిరిగింది. బండి మలుపు దాటి, పెద్దరోడ్డు అంచున వేగం తగ్గి, టాక్సీలు ఆగేచోట అడ్డంగా నిలబడింది. చేతిబ్రేకు లాగి కళ్ళు మూసుకుంది.

ముందు మొగుడు పరిగెత్తుకొచ్చాడు. తిన్నగా బంపరు దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చుని తడిమి చూశాడు. "గీత కూడా పడలేదు. బతికిపోయాం" అన్నాడు. బోల్టు మాత్రం కిటికీ దగ్గరికొచ్చి, రొప్పుతూ, "వదినా, నీకేం కాలేదుగా?" అన్నాడు. ఆమె తలూపింది. ఔననో కాదనో ఆమెకే తెలీదు. వెనకాల వీడియో ఆయన. "సార్, సూపరు సార్! మలుపు అద్భుతంగా వచ్చింది. కాకపోతే మేడమ్ మొహంలో నవ్వు పోయింది. ఇంకొక్కసారి చేద్దామా?"

"చేద్దాం, దానికేం" అన్నాడు మొగుడు లేచి, చేతులు దులుపుకుంటూ. "నువ్వు దిగకు. మేం పైకి తోసుకెళ్తాం. స్టీరింగు పట్టుకో చాలు."

వీధి పైనుంచి అత్తగారు ఏదో అరుస్తూ దిగి వస్తోంది. టాక్సీలవాళ్ళు నలుగురు చుట్టూ చేరి చూస్తున్నారు.

ఆమె తాళం బయటికి లాగింది. స్టీరింగు టక్కున బిగుసుకుంది. వెనక సీట్లోంచి పని సంచి తీసుకుంది. దిగి, తలుపు వేసి, తాళం వేసింది.

"ఏయ్, తాళమివ్వు! తాళం లేకపోతే ఇది కదలదు!"

ఆమె వినలేదని కాదు. ముందున్న టాక్సీ తలుపు తీసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, పెద్దాయన ఇల్లు ఎటో చెప్పింది. అద్దం బయట మొగుడి చెయ్యి కనబడుతోంది, చాపి ఉంది. డ్రైవరు ఆ చెయ్యి వంకా, ఆమె వంకా చూశాడు.

"రానూ పోనూనా అమ్మా?"

"పోను ఒక్కటే" అంది.