ఇంట్లో తయారైన మొహం

బడిలో నేను చెప్పే సబ్జెక్టుకు పరీక్ష ఉండదు. అందుకే నాకెంత వచ్చో, ఎంత రాదో ఎవరికీ తేలకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. నేను క్రాఫ్టు టీచర్ని. రంగు కాగితాలు, జిగురు డబ్బాలు, తళుకుల పొడి, మైనపు క్రేయాన్లు మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉంటాయి. బజార్లో ఏ వస్తువు చూసినా "దీనికి డబ్బు తగలెయ్యడమెందుకు, ఇంట్లో చేసెయ్యొచ్చు" అనడం నాకు ఊతపదం. నేను చేసిన కొవ్వొత్తి వెలగదు, నేను చేసిన సబ్బు నురగ రాదు, నేను అతికించిన అట్టపెట్టెలో ఏం పెట్టినా అడుగు ఊడి కాళ్ళ మీద పడుతుంది. అయినా నా ధైర్యం చెక్కు చెదరలేదు.

మా చెల్లి అలా కాదు, దానికి నిజంగా పని వచ్చు. కళ్ళజోళ్ళ షాపులో చేస్తుంది. వచ్చినవాళ్ళకు నప్పే ఫ్రేము వెతకడం, అది ముక్కు మీద జారకుండా కూర్చోబెట్టడం, చెవుల వెనక కాడలు వంచి సరిచేయడం దాని పని. పోయినేడు పెద్ద జబ్బు చేసి మా ఇంట్లోనే ఉండి మందులు వాడింది. జబ్బు తగ్గింది. మందులకు రాలిన జుట్టు పొట్టి పొట్టిగా మొలుస్తోంది. కనుబొమలు మాత్రం ఇంకా రాలేదు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని ఓనరు ఫోన్ చేశాడు. ఇంకా ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకోక తప్పదని మెల్లగా ఆ ముక్క కూడా అన్నాడు.

ఆదివారం పొద్దున అది మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, "నేను రేపు వెళ్ళనక్కా" అంది.

"ఏమైందే?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? కళ్ళజోడు పెట్టేటప్పుడు జానెడు దూరంలో నిలబడతాను. వాళ్ళు నా మొహంలోకే చూస్తారు. చూసి అయ్యో అంటారు. మందులు మింగాను, సూదులు పొడిపించుకున్నాను. ఆ అయ్యో మాత్రం నా వల్ల కాదు."

ఆ షాపు నిండా అద్దాలే. తన మొహం తను చూసుకోకుండా అక్కడ అడుగు తీసి అడుగు వేయలేదు. ఇలాంటప్పుడు తెలివున్నవాళ్ళు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటారు. నేను లేచి వెళ్ళి బీరువా తెరిచాను.

ఘాటు వాసనలున్న షాపు సరుకేదీ కొన్నాళ్ళు మొహానికి రాయొద్దని డాక్టరు దానికి చెప్పాడు. అంటే ఇంట్లో చేసింది రాయొచ్చని నాకు అర్థమైంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం నోరు విప్పాడు.

"డాక్టరు ఘాటువి వద్దన్నాడు. బొమ్మలకేసే రంగులు పూయమనలేదు" అన్నాడు.

"లిఫ్టుల సంగతి మీరు చూసుకోండి, రంగుల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన పెదవి విరిచి టీవీ ముందుకు వెళ్ళిపోయాడు.

గోధుమరంగు క్రేయాన్లూ నల్లవీ తురిమి, ఒక కొవ్వొత్తి ముక్కా కాస్త వాజిలైనూ చేర్చి, వేడినీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగించాను. అది కనుబొమలకి. ఎర్ర సుద్దముక్కలు నూరి మొక్కజొన్న పిండిలో కలిపాను, బుగ్గలకి. ఎర్ర క్రేయాను కరిగించి స్కెచ్ పెన్ను మూతలో పోశాను, లిప్‌స్టిక్కు. ఇక తెల్ల జిగురు మొహమంతా పూసి, ఆరాక పొరలా లాగేస్తే చర్మం నిగనిగలాడుతుందని ఎవరో చెప్పారు. ఎవరో గుర్తులేదు. గుర్తుంటే ఈపాటికి వాళ్ళింటి మీదికి పోయుండేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం నా బుద్ధి పనిచేసింది. చెల్లికి పూసేముందు అన్నీ నా మొహం మీద చూసుకోవాలనుకున్నాను.

జిగురుతో మొదలుపెట్టాను. ఆరింది. లాగాను. దాంతోపాటు నా ఎడమ కనుబొమ సగం ఊడి వచ్చింది. లేని కనుబొమలు తెప్పిస్తానని బయలుదేరి ఉన్నవాటిని పోగొట్టుకున్న ఘనత నాదే. సరే, ఖాళీ ఎలాగూ దొరికింది కదా అని అక్కడే కొత్త రంగు దిద్దాను. వంటింటి వేడికి అది మెత్తబడి కంటి కొసదాకా జారింది. లిప్‌స్టిక్కు పెదవులకు అంటనంటూ పళ్ళకు అంటింది. సుద్ద పొడి మాత్రం బుగ్గలకు అంటింది, ఎంత కడిగినా వదల్లేదు. మా ఆయన మంచినీళ్ళకని లోపలికి వచ్చి, నన్ను చూసి, తాగకుండానే గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి దురద మొదలైంది. నేను మెచ్చుకోలు మాట ఒక్కదాని కోసం బతుకంతా మొహం వాచిన మనిషిని. సోమవారం తెల్లారేసరికి నిజంగానే వాచింది. ఒక కన్ను సన్నని గీతలా మిగిలింది. బుగ్గలు ఎర్రగా ఉబ్బి, సగం కనుబొమతో, నన్ను నేనే పోల్చుకోలేకపోయాను.

చెల్లి లేచి వచ్చి చూసింది. నవ్వుతుందనుకున్నాను, లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది. జబ్బు చేశాక దాని గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు.

"క్రేయాన్లు మొహానికి రాసుకుంటారా ఎవరైనా? బళ్ళో పిల్లలకు ఇదేనా నువ్వు చెప్పేది?"

"నీ కోసమేనే."

"నా కోసమైతే నోర్మూసుకుని పద, డాక్టరుకు చూపిద్దాం."

డాక్టరు మాత్రలు రాసిచ్చి, కంటికి ఎండా దుమ్మూ తగలకుండా నల్ల కళ్ళజోడు పెట్టుకోమన్నాడు. బయట వీధిలో ఎదురొచ్చినవాళ్ళందరూ నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు. చెల్లి నా రెక్క పట్టుకుని నడిపిస్తోంది. తల మీది స్కార్ఫు భుజం మీదికి జారింది, అది చూసుకోలేదు. నేనూ చెప్పలేదు. "ఇట్రా, ముందు నీకొక నల్లజోడు తగిలించాలి" అంటూ చరచరా తన షాపులోకే నన్ను లాక్కుపోయింది.

లోపల అందరూ ఒక్కసారి తలలు తిప్పారు. అందరూ అయ్యో అన్నారు. నన్ను చూసే అన్నారు. ఓనరు లేచి తన కుర్చీ నాకు జరిపాడు. కొనడానికి వచ్చిన ఒకావిడ చెల్లి దగ్గరికి జరిగి, "పాపం, ఏం జబ్బమ్మా ఆవిడకి?" అని గుసగుసగా అడిగింది.

"జబ్బేం లేదండీ. మా అక్క ఇంట్లో మేకప్పు సామాను తయారుచేసింది" అంది చెల్లి, సొరుగు లాగుతూ.

ఎటు చూసినా అద్దాల్లో నేనే ఉన్నాను. అన్నివైపుల నుంచి చూసినా ఒక్కవైపూ బాగాలేను. చెల్లి వచ్చి నా ఎదుట, జానెడు దూరంలో నిలబడి, కళ్ళజోడు పెట్టి, తల వంచి కాడ చూసింది. "ముక్కు కూడా వాచింది, ఇది ఆనదు" అని ఇంకో నల్లజోడు తీసి తగిలించింది. నేను నోరు తెరిచి ఏదో ఒకటి అని అంతా పాడుచేయగల సమర్థురాలిని. భగవంతుడి దయ, పెదవులు కూడా వాచి ఉన్నాయి.

ఇంతలో ఒక ముసలాయన తన కళ్ళజోడు కౌంటరు మీద పెట్టి, "వచ్చారా అమ్మా. ఇది జారిపోతోంది. ఇంకెవరు బిగించినా నిలవడం లేదు" అన్నాడు.

చెల్లి చిన్న స్క్రూడ్రైవరు అందుకుంది. మర బిగించింది, కాడలు వంచింది, ఆయన మొహానికి తగిలించి వెనక్కి జరగకుండా అలాగే నిలబడింది. ఆయన ఆ అద్దాల్లోంచి సూటిగా దాని మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు బాగా కనిపిస్తోంది" అన్నాడాయన. ఇంకేమీ అనలేదు.

నల్ల అద్దాల వెనక నాకు ఏడుపు ఆగలేదు. వాపుకే నీళ్ళు కారుతున్నాయనుకుని ఓనరు రుమాలు ఇచ్చాడు. చెల్లి అప్పటికే ఇంకొకరి ఫ్రేము చేతిలోకి తీసుకుంది.

"అక్కా, నువ్వింటికి వెళ్ళు" అంది, తలెత్తకుండా. "నాకు సాయంత్రం దాకా పనుంది."