ర్యాంపు మీద బళ్లు

జోజప్ప షేర్ ఆటో మున్సిపల్ కౌన్సిల్ ఆఫీసు ముందు ఆగేసరికే మీటింగు మొదలైపోయింది. హాల్లోని మైకు మోత తిరువూరు మెయిన్ రోడ్డు దాకా వినిపిస్తోంది.

"స్త్రీ పురుష సమానత్వంలో మన పట్టణం సాధించిన ప్రగతి..."

చదువుతున్నది సుందరరామయ్య. ఆయన కౌన్సిల్ సభ్యుడు కాడు. బియ్యం మిల్లు యజమాని, చైర్‌పర్సన్ సుబ్బరత్నానికి భర్త. ఆవిడ సంతకం పెడుతుంది, ఆయన మాట్లాడతాడు. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే. ప్రతి సభ్యురాలి పక్కనా ఇంకో కుర్చీ వేస్తారు, భర్తగారి కోసం. పాలకవర్గం వచ్చినప్పటి నుంచీ ఇదే ఆనవాయితీ.

ఆ పక్క కుర్చీ లేనిది జోజమ్మ ఒక్కదానికే. తన కుర్చీ తనే తెచ్చుకుంటుంది. దానికి చక్రాలుంటాయి. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయాయి. జాకెట్లు కుట్టి బతికే మనిషి మొన్నటి ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఆటో నడిపే మొగుడు జోజప్ప ఆమెను గుమ్మం దగ్గర దించుతాడు, లోపలికి మాత్రం పోడు.

"కానీవయ్యా," అంది జోజమ్మ కుర్చీలోకి మారుతూ. "రెండో అంశం మనదే."

ఆమె ప్రతిపాదన చిన్నదే. షేర్ ఆటోల స్టాండు పక్కనున్న ఖాళీ స్థలంలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టాలి. గంపలగూడెం నుంచి, వినగడప నుంచి, పెనుగొలను నుంచి ఆటోల్లో దిగే ఆడకూలీలకు టౌనులో ఆ వసతి లేదు. మూడో అంశం అదే స్థలంలో షాపు గదులు. అది సుందరరామయ్య కోరిక. ఈ కౌన్సిల్ పెట్టుకున్న నియమం ప్రకారం, పేరు పిలిచినప్పుడు ప్రతిపాదించిన మనిషి హాల్లో లేకపోతే ఆ అంశం అక్కడితో సరి. స్థలం షాపులకు పోతుంది.

ర్యాంపు దగ్గరకు వచ్చి ఇద్దరూ ఆగిపోయారు.

కింద నుంచి పై దాకా మోటారు సైకిళ్లు.

నెల కిందటే రిబ్బను కత్తిరించి ప్రారంభించిన ర్యాంపు. పైన చల్లగా వేపచెట్టు నీడ. పక్కనే షెడ్డు ఖాళీగా ఉంది కానీ, దాని మీద 'సభ్యుల వాహనాలకు మాత్రమే' అని బోర్డుంది. భర్తలు సభ్యులు కారాయె. నియమం తప్పని పెద్దమనుషులు. బళ్లు ర్యాంపు మీద పెట్టేసి, లోపలికి పోయి సభ్యుల పక్కన కూర్చున్నారు.

జోజప్ప రెండు బళ్లు కదిపి చూశాడు. "అన్నిటికీ హ్యాండిల్ లాకే. ఎత్తుకుపోతాను, పట్టుకో."

"వద్దు."

"ఎందుకు?"

"మొదటి మీటింగుకి ఎత్తుకుపోయావుగా. రావమ్మ మొగుడు దశరథరామయ్య ఏమన్నాడు?"

జోజప్ప నసిగాడు. "వడ్ల బస్తా వచ్చిందన్నాడు."

"ఆ మాట పడ్డాకే ఈ ర్యాంపు కోసం పోట్లాడాను. ర్యాంపుండగా బస్తాలాగా పోను."

లోపల సుందరరామయ్య గొంతు పెంచాడు. "దివ్యాంగుల కోసం నిర్మించిన ర్యాంపు మన ప్రగతికి నిదర్శనం!" చప్పట్లు. "ఇక చివరి పేజీ..."

జోజమ్మ చుట్టూ చూసింది. ఆఫీసు బాయ్ కూడా కనబడలేదు. చూపు ఆటో మీద ఆగింది. పైన ఎన్నికలప్పుడు బిగించిన లౌడ్ స్పీకరు ఇంకా అలాగే ఉంది.

"మైకు పనిచేస్తుందా?"

"ఆటో స్టార్టవకపోయినా అది పనిచేస్తది."

"ఇలా ఇవ్వు."

జోజప్ప మైకు అందించాడు. జోజమ్మ గొంతు సవరించుకుంది.

"కౌన్సిలర్ల భర్తలకు మనవి. ర్యాంపు మీదున్న బళ్లకు వరసగా గాలి తీస్తున్నాం. మొదటిది నల్ల బుల్లెట్టు."

లోపల మైకు సగం మాటలో ఆగిపోయింది. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. ముందు దూసుకొచ్చింది దశరథరామయ్య. వినగడపలో పొలాలున్న ఆసామి, కౌన్సిలర్ రావమ్మకు భర్త. ఒక చేతిలో పంచె కుచ్చిళ్లు, ఇంకో చేతిలో తాళం.

"ఏరా జోజప్పా! నా బండి ముట్టుకున్నావంటే..."

జోజప్ప టైరు వాల్వులో గుచ్చే అగ్గిపుల్ల చూపించి నవ్వాడు. "ఇంకా పెట్టలేదండి. అడ్డం తీస్తే పెట్టను."

వెనకాలే భర్తలందరూ దిగారు. ఒకడి బండి రావాలంటే ఇంకొకడిది కదలాలి. అన్నిటికన్నా పైన సుందరరామయ్య స్కూటరు. ఆయన నివేదిక చంకలో పెట్టుకుని, "ముందు మీరు తియ్యండయ్యా," అని అరుస్తున్నాడు. వెనక ఒకడు హారన్ మోగించాడు. "నువ్వు హారన్ కొడితే బండి దిగుద్దా?" అని ఎవరో కసిరారు.

ర్యాంపు ఖాళీ అయింది. జోజమ్మ తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కింది.

హాల్లో భర్తల కుర్చీలన్నీ ఖాళీ. వేదిక మీద సుబ్బరత్నం ఒక్కతే ఉంది, కింద బల్ల దగ్గర మున్సిపల్ కమిషనర్. ఆవిడ జోజమ్మను చూసింది. పక్కనున్న ఖాళీ కుర్చీని చూసింది. ఆ తర్వాత మైకు తన వైపు తిప్పుకుంది. ఆ మైకులో ఆవిడ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"కమిషనర్ గారూ, సభ్యులు కానివాళ్లు ఇక్కడ కూర్చోవచ్చాండీ?"

"కూర్చోకూడదు మేడమ్."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు మేడమ్."

హాలంతా నవ్వింది. సుబ్బరత్నం కూడా నవ్వింది. "అయితే తలుపెయ్యండి."

గడియ పడింది.

"రెండో అంశం. జోజమ్మ గారూ, చెప్పండి."

జోజమ్మ రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి పక్కన పెట్టింది. "ఒక్కటే అడుగుతానండీ. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మంచినీళ్లు తాగినవాళ్లు చెయ్యెత్తండి."

మగ సభ్యుల చేతులు లేచాయి. ఆడవాళ్లలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా పక్కున నవ్వింది రావమ్మ.

"నీళ్లేంటమ్మా, కాఫీ కూడా తాగలేదు! బయటికొస్తే ఎక్కడికి పోతాం? మా పొలంలో పత్తి తీసే ఆడవాళ్లదీ ఇదే ఏడుపు. బుల్లెట్టు మీద వచ్చినా నాదీ అదే గతి."

"నేను సెంటర్లో షాపుకి పోయినా అంతే," అంది సుబ్బరత్నం. "ఇంటికి చేరేదాకా ప్రాణం ఉగ్గబట్టుకోవడమే."

ఆ తర్వాత ఎవరినీ ఆపడం కుదరలేదు. ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడారు. మగ సభ్యులు తలలు దించుకుని విన్నారు. కిటికీ ఊచల దగ్గర భర్తల ముఖాలు కనిపించాయి.

"సుబ్బరత్నం!" సుందరరామయ్య కేక. "మూడో అంశం సంగతి చూడు!"

"రెండోది అవనివ్వండి. దేనికైనా ఒక క్రమం ఉండాలని మీరేగా అంటారు?"

చేతులు లేచాయి. ఆడవాళ్లవన్నీ. మగవాళ్లవి ముందు కొన్ని, పక్కవాళ్లను చూశాక ఇంకొన్ని.

"ఆమోదించాం. ఇక స్థలం మిగల్లేదు గనక మూడో అంశం లేదు." సుబ్బరత్నం తీర్మానం తెప్పించుకుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. తర్వాతే సంతకం పెట్టింది.

మీటింగు ముగిశాక సుందరరామయ్య ర్యాంపు కింద స్కూటరు స్టార్ట్ చేసి నిలబడ్డాడు. "ఎక్కు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"మీరు పదండి. నేను స్థలం చూసొస్తాను." సుబ్బరత్నం వెళ్లి ఆటోలో జోజమ్మ పక్కన కూర్చుంది. వెనకే రావమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు.

"ఇంకొకళ్లకు చోటుందమ్మా, సర్దుకోండి!" అని జోజప్ప అలవాటుగా అరిచాడు.

దశరథరామయ్య బుల్లెట్టు మీద పక్కకొచ్చాడు. "ఏరా... ఏమయ్యా జోజప్పా, మా ఆవిడ ఎప్పుడొస్తుంది?"

"వాళ్ల మీటింగు సంగతులు నాకెట్టా తెలుస్తాయండీ?"

ఆటో కదిలింది. అంతసేపు అరిచి అరిచి రావమ్మ గొంతు ఎండిపోయింది. జోజప్ప సీటు పక్కనున్న నీళ్ల సీసా చూసి చెయ్యి చాపింది. మూత తీసి, గటగటా తాగి, సుబ్బరత్నానికి అందించింది. ఆవిడా సీసా ఎత్తింది.

"మెల్లిగా తాగండమ్మా," అంది జోజమ్మ. "ఇంకా పునాది కూడా తియ్యలేదు!"