లోపలే తెరుచుకునే పేజీలు

వార్తాపత్రిక యాప్‌లో లింకు నొక్కితే పాఠకుడు ఫోన్‌లోని బ్రౌజర్‌లోకి వెళ్లిపోయేవాడు. వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రావడం లేదని మేనేజరు మీటింగులో చెప్పాడు.

"బయటికి పంపకండి. ఏ పేజీ అయినా మన యాప్‌లోనే తెరుచుకోవాలి. వెతుక్కునే డబ్బా కూడా లోపలే పెట్టేయండి."

ఆ పని చిన్నికి వచ్చింది. ఆఫీసులో ఆమెని మొదట ఆ పేరుతో పిలిచింది బావ. మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. ఉద్యోగం ఉందని చెప్పి ఆమెని అక్కడికి తెచ్చింది ఆయనే. పరీక్షల విభాగం ఆయనది. ఆయన సరేనంటేగానీ ఏ మార్పూ జనానికి వెళ్లదు.

జనానికి వెళ్లే ముందు కొత్త వెర్షన్‌ని సిబ్బంది ఇంటివాళ్ల ఫోన్లలో వేసి చూడటం ఆ ఆఫీసు పద్ధతి. ఏ ఫోన్‌లో ఏ పేజీ తెరుచుకుందో, ఏది ఆగిపోయిందో సర్వర్‌లో రికార్డవుతుంది. ఫోన్లకి పేర్లు పెట్టేది బావే. 'అత్తగారు', 'తోడల్లుడు', 'మా ఆవిడ'. ఆ పేర్లు చూసి అందరూ నవ్వుకున్నారు.

'మా ఆవిడ' అంటే చిన్ని అక్క. కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. రాత్రి భోజనాల దగ్గర ఆమె ఫోను బావ కంచం పక్కన ఉంటుంది. ఆయన తింటూ చూస్తాడు. "అక్క హాజరు వేయించుకుంటోంది" అని చిన్ని ఒకసారి అంది. ఆ రోజు అక్క కూడా నవ్వింది.

కొత్త వెర్షన్ వేసిన రోజు చిన్ని వాళ్లింటికి వెళితే అక్క గిన్నెలు తుడుస్తూ అడిగింది.

"చిన్నీ, ఇందులో చూసినవి తర్వాత కనబడతాయా?"

"ఉండవక్కా. మూసేస్తే పోతాయి. హిస్టరీ అనేదే పెట్టలేదు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మనసులో ఉన్నది జనానికి వెళ్లబోయే వెర్షన్. అక్క చేతిలో ఉన్నది పరీక్షది.

తర్వాతి వారం ఒక ఫోన్‌లో పేజీ ఖాళీగా వస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఎవరి ఫోనో తెలుసుకుందామని చిన్ని రికార్డు తెరిచింది. 'మా ఆవిడ' దగ్గర ఆగింది. ఒంటరి మహిళలకు వసతి. కొత్త చిరునామా భర్తకు తెలియకుండా ఉంచడం ఎలా. ఒక లాయరమ్మ పేజీ. మళ్లీ వసతి. చూసినవన్నీ మధ్యాహ్నం, షాపు ఖాళీగా ఉండే వేళ.

బావ మీటింగులో ఉన్నాడు. రాగానే ఆయన ముందు తెరిచేది ఈ రికార్డే.

అక్క ఫోను రికార్డు ఒక్కటే తీసేస్తే ఆ ఖాళీయే చెప్పేస్తుంది. చిన్ని అన్ని ఫోన్లవీ తీసేసింది.

మీటింగు అయ్యాక తన తెర చూసుకుని, బావ టీ కప్పుతో వచ్చాడు.

"ఏం మరదలా, రికార్డు ఊడ్చేశావేంటి?"

"ఒక పేజీ సరిచేస్తుంటే పోయింది బావా."

"పోతే పోయిందిలే. పొద్దున తీసిన కాపీ ఉంటుంది. సర్వర్ల వాళ్లకి చెప్పా, సాయంత్రం నేను బయల్దేరేలోపు తిరిగి వేసేస్తారు." ఆమె మొహం చూశాడు. "అంత కంగారేంటి? నీ గుట్టేమన్నా ఉందా అందులో?"

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. బ్యాంకు పనుందని చెప్పి బయటపడింది.

షాపులో అక్క ఒక పెద్దాయనకి ఫ్రేము సరిచేస్తోంది. ఆయన వెళ్లేదాకా చిన్ని అద్దాల బల్ల దగ్గర నిలబడింది. తర్వాత విషయం చెప్పింది.

అక్క చేతిలోని గుడ్డ మడతపెట్టింది.

"ఏదీ మిగలదన్నావుగా."

"జనానికి వెళ్లేదాంట్లో మిగలదు. నీ ఫోన్‌లో ఉన్నది వేరే."

"ఆ తేడా నాకెలా తెలుస్తుందే?"

"నాకు తెలియాలి."

"చూశాడా?"

"ఇంకా లేదు. సాయంత్రం చూస్తాడు."

అక్క వీధి వైపు చూసింది. "వసతిలో గది వచ్చే వారం ఇస్తామన్నారు."

"మా ఇంటికి వచ్చెయ్."

"మొదట వెతికేది మీ ఇల్లే కదే."

"ఎందుకు చెప్పలేదక్కా నాకు?"

"ఆయన పక్కన కూర్చుని పనిచేస్తావు. నీ మొహంలో ఏదీ దాగదు."

అక్క షాపు ఫోను అందుకుని చూడకుండానే నెంబరు నొక్కింది.

"వచ్చే వారం దాకా కుదరదండీ. ఇవాళే రావాలి. గది లేకపోతే వసారాలోనైనా పడుకుంటాను." అవతలి మాట విని "సరే" అని పెట్టేసింది. తన ఫోను సొరుగులో పడేసి మూసింది. అది ఎక్కడుంటే తానక్కడ ఉన్నట్టు బావకి కనిపిస్తుంది.

"ఇంటికెళ్లి కాగితాలు, నాలుగు బట్టలు తీసుకోవాలి. ఆయన ఇల్లు చేరేసరికి నేను ఊరు దాటాలి. ఎంతసేపు ఆపగలవు?"

"ఆపుతాను."

"ఎలా?"

"ఆయనకి నచ్చే పనే చెబుతాను."

ఆఫీసుకి తిరిగొచ్చే బస్సులో చిన్ని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. తను రాసిన బ్రౌజర్‌ని ఒక చోట కావాలనే పాడుచేసింది. వెనక్కి వచ్చే బటన్ కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు చెయ్యదు. ఎందుకో చూడగానే దొరకదు. కొత్త వెర్షన్‌గా పంపింది.

ఆఫీసుకి వచ్చేసరికి బావ బ్యాగు భుజాన వేసుకుని సర్వర్ల వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "వేసేశారా? సరే, ఒకసారి చూసుకుని వెళతా."

"బావా, అది తర్వాత చూడొచ్చు," అంది చిన్ని. "వెనక్కి బటన్ చచ్చిపోతోంది. ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు. మేనేజరు రేపు పొద్దున్నే చూపించమన్నాడు. నా వల్ల కావట్లేదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తెర వైపే చూస్తూ ఉంది.

"ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడమేంటి?" బ్యాగు దించి పక్క కుర్చీ లాక్కున్నాడు. "ఏదీ, మొదట్నుంచీ చూపించు."

ఆమె మొదట్నుంచీ చూపించడం మొదలుపెట్టింది, నెమ్మదిగా.