తప్పు ఏ వరుసలో ఉందో

అనసూర్యకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఆడబిడ్డ హర్షిణి ఏదో ఒక పొద్దున తలుపు తీయదేమోనని.

పైకి చూస్తే ఆ ఇంట్లో ఏ భయమూ కనిపించదు. సిద్దిపేటలోని ఆ గల్లీలో పొద్దెక్కగానే ఆడవాళ్లు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకొని అరుగు మీద చేరతారు. ఆకు కత్తిరిస్తూ, చుడుతూ లోకం సంగతులన్నీ మాట్లాడుకుంటారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం మాత్రం హర్షిణి సంగతే నడిచింది.

"లెక్కలల్ల పోయిందంట గదా దుర్గవ్వా? కంప్యూటర్ ఇంజినీర్ అయితదంటివి!" అంది ఎదురింటి లక్ష్మీబాయి.

"ఏం జేస్తం? దాని రాత గంతే. సంబంధాలు సూడుమని కొడుక్కు ఫోన్ జేసిన," అంది దుర్గవ్వ, బీడీకి దారం చుడుతూ. ఆమె కొడుకు, అనసూర్య భర్త భానుప్రకాశ్ భివండీలో సాంచాల మీద బట్ట నేస్తాడు.

"గప్పటిదాంక మా పక్కన చాట పట్టుకొని కూసోమను. జాగ ఇస్తం తియ్యి!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు లోపలి గదిలో ఉన్న పిల్లకు వినిపించిందని అనసూర్యకు తెలుసు. ఒకప్పుడు తనకూ వినిపించింది. పదో తరగతిలో ఇంగ్లిషు ఒక్కటే తప్పింది. మళ్లీ రాయొచ్చని ఇంట్లో ఎవరూ అనలేదు. కొన్నేళ్లు చాట పట్టింది, తర్వాత పెళ్లయింది, ఇప్పుడు చంకలో మూడేళ్ల మైత్రి. ఆడపిల్ల చదువు ఆగిపోవడానికి పెద్ద గొడవేమీ జరగనక్కర్లేదు. అందరూ ఊరుకుంటే చాలు.

హర్షిణి తల దువ్వడం మానేసింది. స్నేహితురాళ్లు ఫోన్ చేస్తే ఎత్తదు. "నాకు తిండి దండుగ వదినా," అని ఒకరోజు పళ్లెం పక్కకు జరిపింది. ఏం చెప్పి ఓదార్చాలో అనసూర్యకు తెలియలేదు. ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదని మాత్రం తెలిసింది. ఫోన్ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంది.

"నువ్వు సెలవులల్ల జేస్తుంటివి సూడు, గా ప్రోగ్రామింగు. నాకు నేర్పు."

"నేనే ఫెయిలైనదాన్ని. నీకేం నేర్పుత?"

"నేను నీకంటె సీనియర్ ఫెయిల్‌ను. ఇద్దరికి జత కుదిరింది."

హర్షిణి నవ్వలేదు. కానీ ఫోన్ తెరిచి ఇచ్చింది.

మొదట హర్షిణి 'ప్రింట్' అని ఇంగ్లిషులో కొట్టించి, పక్కన కొటేషన్ గుర్తుల మధ్య తెలుగులోనే పాప పేరు రాయించింది. కింద 'మైత్రి' అని వచ్చింది. అనసూర్య పాపను ఎత్తుకొచ్చి మరీ చూపించింది. తర్వాత వయసెంతని ఫోన్ చేతనే అడిగించడం వచ్చింది. "సూసి దించకు వదినా, ఒక్కొక్క అక్షరం నువ్వే కొట్టు. గప్పుడే చేతికొస్తది," అనేది హర్షిణి. ఇక మిగిలింది షరతు. వయసు ఆరులోపు ఉంటే 'అంగన్‌వాడీ' అనాలి, లేకుంటే 'బడి' అనాలి.

అక్కడ ఎర్ర అక్షరాలు వచ్చాయి. అనసూర్య బిత్తరపోయి మొత్తం చెరిపేసి మొదటి నుంచి కొట్టింది. మళ్లీ ఎరుపే. మళ్లీ చెరిపింది. ఆడబిడ్డ కోసం మొదలుపెట్టిన పని అన్న సంగతే మరిచిపోయింది. పదో తరగతి నాటి సిగ్గు మళ్లీ గుర్తొచ్చింది.

"నాతోని కాదు. నాకు రాదు," అని ఫోన్ కింద పెట్టేసింది.

"అంతా ఎందుకు తుడుస్తున్నవ్?" చాలా రోజుల తర్వాత హర్షిణి గొంతు లేచింది. "గా ఫోన్ నిన్ను తిడుతలేదు వదినా. తప్పు ఏ లైన్ల ఉందో చెప్తుంది. రెండో లైన్ అంటుంది, సూడు. చివర్ల రెండు చుక్కలు పెట్టలే నువ్వు. గంతే! మిగతాదంత మంచిగనే ఉంది గదా."

చుక్కలు పెట్టి, వయసు మూడు అని కొడితే 'అంగన్‌వాడీ' అని వచ్చింది. అనసూర్య ఫోన్ వైపు చూడలేదు. పిల్ల ముఖం వైపే చూస్తోంది.

"లెక్కలొక్కటే గదా నీకు పోయింది?"

"ఇప్పుడెందుకు వదినా గా ముచ్చట?"

"మిగతాయన్ని పాసైనవ్. మరి నిన్ను నువ్వెందుకు మొత్తం తుడుసుకుంటున్నవే?"

హర్షిణి వదిన భుజం మీద వాలి ఏడ్చింది. ఫలితాలు వచ్చాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. "బతకబుద్ధి అయితలేకుండె వదినా," అంది చివరికి.

అనసూర్య ఆ పిల్ల చేయి గట్టిగా పట్టుకుంది. "నాకు చెప్పినవ్, మంచి పని జేసినవ్. ఇగ నువ్వొక్కదానివి కావు."

ఆ సాయంత్రం అత్త ముందు నిలబడింది. "అత్తమ్మా, సంబంధాలు ఆపుండ్రి. పిల్ల మళ్ల రాస్తది. రేపు దవాఖానకు తోల్కపోత, మనసు బాగలేదు దానికి." విన్నదంతా చెప్పింది.

దుర్గవ్వ చేతిలోని ఆకు జారిపోయింది. "గింత బాధ ఉంటె కన్నతల్లిని, నాకెందుకు చెప్పలే?"

"చెప్పేటట్టు మనం ఉన్నమా అత్తమ్మా?"

దుర్గవ్వ లేచి లోపలికి వెళ్లి, కూతురి జడ విప్పి, నూనె రాసి దువ్వడం మొదలుపెట్టింది.

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునే ఎవరికైనా ఎర్ర అక్షరాలు రాకుండా ఉండవు. అవి వచ్చినప్పుడు తప్పున్న వరుస వెతికి, దాన్నొక్కటే దిద్దుకోవాలి. పరీక్ష తప్పిన బిడ్డలకు ఈ మాట చెప్పేవారే కరువయ్యారు. మీ గల్లీలోనూ ఈ ఏడాది అలాంటి బిడ్డ ఒకరు ఉండే ఉంటారు. మార్కులు అడగకండి. ఈ రోజే వెళ్లి, పక్కన కాసేపు కూర్చొని, ఎట్లున్నవని అడిగి రండి.